నోటి మాట ఆర్డరు

చిన్న స్టీలు గిన్నెలో నువ్వుల నూనె వెచ్చబడుతోంది. ఫేబీ చిటికెన వేలు ముంచి చూసుకుని, ఇంకొక్క క్షణం ఆగి స్టవ్ ఆపేసింది. కర్పూరం బిళ్ళను వేళ్ళ మధ్య నలిపి నూనెలో కలిపింది. వంటింటి కిటికీ అవతల ఢిల్లీ ద్వారక ఆకాశం బూడిద రంగులో ఉంది. దీపావళి వెళ్ళిన దగ్గర్నుంచి ఆ కిటికీ తెరవడమే లేదు. అయినా పొద్దున తుడిచిన గట్టు మీద మళ్ళీ సన్నటి దుమ్ము పేరుకుంది.

"నూనె అయిందా అమ్మాయ్?" లోపలి గదిలోంచి అత్తగారు జయశీల పిలిచింది.

"తెస్తున్నానత్తయ్యా."

ఆ పిలుపు వినగానే ఫేబీకి ప్రాణం కుదుటపడింది. పోయిన వారం కథలో మనం ఆమెను వదిలింది ఒక అబద్ధం దగ్గర. అత్తగారి నడుం స్కాను తీసుకెళ్ళి, తను పనిచేసే ఆసుపత్రిలోనే ఎముకల డాక్టరు రాజీవ్ గారికి చూపించింది. ఆయన ఫిల్ము చూసి, "కొత్తగా ఏమీ చెడలేదు. నొప్పి తగ్గిందంటున్నావు కాబట్టి ఆవిడ చేస్తున్న ఆ పిలాటిస్ కసరత్తు ఒంటికి పడినట్టే. మానొద్దని చెప్పు" అన్నాడు. ఫేబీ ఇంటికొచ్చి, "ఆపేయమన్నారత్తయ్యా" అని చెప్పింది.

ఎందుకలా చెప్పిందో తెలియాలంటే ఈ నూనె గిన్నె సంగతి తెలియాలి.

ఫేబీ తల్లి ముఖం ఎరగదు. పాలకొల్లు దగ్గర మిషన్ హాస్టల్లో పెరిగింది. నర్సింగ్ చదివి ఢిల్లీ వచ్చి, సైమన్‌ను పెళ్ళి చేసుకుని ఈ నాలుగో అంతస్తు ఇంటికి వచ్చేసరికి జయశీల గోడ పట్టుకుని నడుస్తోంది. వార్డుల్లో మనుషుల్ని ఎత్తి, తిప్పి, దించి అరిగిపోయిన నడుం అది. వార్డు సిస్టరుగా ఎంత గట్టి మనిషో ఇంట్లోనూ అంతే. పొగడదు, దగ్గరికి తీసుకోదు, గిన్నెకి జిడ్డు తగిలితే మళ్ళీ కడిగిస్తుంది. కానీ సాయంత్రం నూనె రాయించుకోవడానికి బోర్లా పడుకుంటే మాత్రం ఆవిడ వేరే మనిషి అయిపోయేది. నరసాపురంలో మొదటి డ్యూటీ, చలికాలంలో ఢిల్లీ స్టేషన్లో దిగి ఏడ్చిన ఏడుపు, పోయిన మామగారు సాలొమోను ఒకప్పుడు చర్చి కోయిర్‌లో శ్రుతి తప్పి పాడి అందర్నీ నవ్వించడం, అన్నీ అప్పుడే చెప్పేది. ఒకసారి తన సొంత పిన్ని కూతురు ఇవ్వని ఇంజెక్షన్‌ను ఇచ్చానని చెప్పిందని తెలిసి, తనే వెళ్ళి మేట్రన్‌కి చెప్పి ఆ పిల్ల ఉద్యోగం పోగొట్టిన కథ కూడా చెప్పింది. "ఏడ్చిందా అత్తయ్యా?" అని ఫేబీ అడిగితే, "ఇద్దరం ఏడ్చాం" అంది. ఆ సాయంత్రాల గురించి ఫేబీ ఎవరికీ చెప్పలేదు, భర్తకు కూడా.

ఎండాకాలంలో కింద కమ్యూనిటీ హాల్లో మైథిలి పిలాటిస్ క్లాసు మొదలుపెట్టింది. జయశీల ముందు నవ్వింది, తర్వాత చూడటానికి వెళ్ళింది, ఆ తర్వాత చాప కొనుక్కుంది. వానలు పడేసరికి గోడ పట్టుకోవడం మానేసింది. మంచం కింద పడ్డ కళ్ళజోడు తనే వంగి తీసుకుంది. ఒక ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఎవరి ఆసరా లేకుండా మోకరించి, ఎవరి ఆసరా లేకుండా లేచింది. పట్టుకుని లేపడానికి పక్కనే చేయి చాపి నిలబడ్డ ఫేబీ, ఆ చేతిని మెల్లగా పైట కిందికి లాక్కుంది.

ఆ వారమే సాయంత్రాల నూనె ఆగిపోయింది. "నొప్పి లేదమ్మాయ్. నువ్వెళ్ళి పడుకో" అంది జయశీల.

ఫేబీ వెళ్ళి పడుకుంది. నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆ అబద్ధం పుణ్యమా అని చాప తలుపు వెనక్కి చేరింది. చలి ముదిరింది, నొప్పి తిరిగొచ్చింది. ఫేబీకి ఈ వారం మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి నూనె పొద్దున పూటకి మారింది. పోయిన ఆదివారం మోకరించి లేచేటప్పుడు అత్తగారి చేయి గాల్లో వెతుక్కుంటే ఫేబీ చేయి సిద్ధంగా ఉంది. ఆ బరువు తన అరచేతిలో పడినప్పుడు కలిగిన సంతోషానికి ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినా సంతోషం తగ్గలేదు.

నూనె గిన్నె పట్టుకుని గదివైపు తిరిగిందో లేదో, బెల్ మోగింది.

తలుపు తీస్తే మైథిలి. సన్నగా, నిటారుగా, మెడ కాస్త పొడుగ్గా ఉంటుంది. రెండో బ్లాకులో ఉండే త్యాగరాజు గారి అమ్మాయి. ఆయన కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఆఫీసరు. పుట్టి పెరిగింది సర్కారీ క్వార్టర్స్‌లో కాబట్టి మైథిలి తెలుగు మధ్య మధ్యలో హిందీలోకి జారిపోతుంటుంది.

"లిఫ్ట్ ఫిర్ సే ఖరాబ్! నాలుగంతస్తులూ ఎక్కే వచ్చాను ఫేబీ," అంటూ చెప్పులు విడిచింది. ఆయాసం లేదు. "ఆంటీ ఏం చేస్తున్నారు?"

"పడుకున్నారు. ఇప్పుడు కుదరదేమో."

"పడుకోలేదు, పడేశారు," లోపల్నుంచి జయశీల కేక వేసింది. "రా బంగారం!"

బంగారం. ఫేబీ ఈ ఇంటికొచ్చాక ఆ మాట తన కోసం ఒక్కసారి కూడా వినలేదు. నూనె గిన్నె అంచు వేలికి చురుక్కుమంది. గిన్నె బల్ల మీద పెట్టి మైథిలి వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

మైథిలి కుర్చీ జరుపుకోలేదు. మంచం పక్కన నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మీ చోటు ఖాళీగానే ఉంచాను ఆంటీ. లలితకుమారి ఆంటీ రోజూ వచ్చి అక్కడ తన బాటిల్ పెడుతున్నారు. నేను రోజూ తీసేస్తున్నాను."

"ఆవిడెలా ఉంది?"

"అరే, అడగకండి! మొన్న క్లాసులో అందరి ముందూ చెప్పేశారు. తుమ్మొస్తే ఇప్పుడు భయం లేదట. నోయిడాలో ఎవరిదో పెళ్ళికెళ్ళి పడీపడీ నవ్వారట. కుచ్ నహీ హువా, చీర పొడిగానే ఉందట."

జయశీల దిండు మీద తల వాల్చి పగలబడి నవ్వింది. నడుం లాగినట్టుంది, "అబ్బా" అంది, మళ్ళీ నవ్వింది. "నవ్వులాట కాదే. కింద కండరాలు బిగువెక్కాయన్నమాట. ఆ సిగ్గుతో నీళ్ళు తాగడం మానేసి, ఒంట్లో జ్వరం పెట్టుకుని వార్డుకొచ్చే ఆడవాళ్ళు ఎంతమందో. ఎవరికీ చెప్పుకోరు. వయసొస్తే అంతేననుకుంటారు."

"వయసుది కాదు ఆంటీ, కండరానిది. పనిచెబితే వింటుంది." మైథిలి గుమ్మం వైపు తిరిగింది. "ఫేబీ, నిన్నొకటి అడుగుదామని వచ్చాను. డాక్టర్ గారు ఏది వద్దన్నారు? ముందుకు వంగేవా, వెనక్కి వంచేవా, నడుం మెలి తిప్పేవా? ఆంటీకి ముందుకు వంగేవి నేనెలాగూ ఇవ్వను. ఇంకేవన్నా ఉంటే చెప్పు, అవి తీసేస్తాను."

"అన్నీ వద్దన్నారు."

"అన్నీనా?"

"అన్నీ."

"పడుకుని, మోకాళ్ళు మడిచి, పక్కటెముకల్లోకి ఊపిరి తీసుకునేది కూడానా? అది ఊపిరి కదా యార్! అది కూడా ఆపేయమన్నారా?"

మైథిలి వేళాకోళంగానే అంది. ఈసారి జయశీల నవ్వలేదు. కోడలి వైపు కూడా చూడలేదు, మూసిన కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది.

"డాక్టరు చెప్పినదాన్ని నర్సు మార్చకూడదు కదా," అంది ఫేబీ. తన గొంతు ఎంత మామూలుగా ఉందో తనకే ఆశ్చర్యం వేసింది.

"అచ్ఛా, పోనీ నేనే వెళ్ళి ఆయన్ని..."

"వద్దులే మైథిలీ," అంది జయశీల. "ఆ సంగతి నేను చూసుకుంటాను."

మైథిలి తల ఊపి, మోకాళ్ళ మీద లేచి, జయశీల వీపు మీద అరచేయి పెట్టింది. ఎడమ భుజం కింద, రెక్క ఎముక అంచు దగ్గర ఆ చేయి ఆగింది. "ఇక్కడ మళ్ళీ గట్టిపడింది ఆంటీ. చెప్పానా?"

ఫేబీ చూపు తిప్పుకుంది. ఆ చోటు తనది. చీకట్లోనైనా వేలు అక్కడికే వెళ్తుంది. వానొచ్చే ముందు ఆ ముడి ఎలా బిగుస్తుందో, ఎంత నొక్కితే అత్తగారు మాట ఆపి ఊపిరి వదులుతారో తనకు తెలుసు. అందరికీ చాపలు పరిచి పాఠం చెప్పే మనిషి అంత సులువుగా దాన్ని ఎలా కనిపెట్టింది?

నేల మీది నుంచి చేయి ఆనించకుండానే లేచి నిలబడింది మైథిలి. చెప్పులు వేసుకుంటూ ఫేబీని ఎగాదిగా చూసింది. "నువ్వూ ఒకసారి రావచ్చు కదా. సింక్ దగ్గర నిలబడినప్పుడు ఒక పక్కకి వాలిపోతున్నావు. ఇందాక గుమ్మంలో కూడా."

"నాకేం లేదు. మాకు వార్డులో కావలసినంత ఎక్సర్‌సైజు."

"ఆంటీ కూడా మొదటిరోజు అచ్చం ఇదే అన్నారు," అని మైథిలి నవ్వింది. "వార్డులో ఒళ్ళు అరుగుతుంది ఫేబీ. దాన్నీ ఎక్సర్‌సైజు అంటావా? చలో, పదకొండింటికి క్లాసు. ఆంటీ చాప వేసే చోటు వదిలేసే ఉంచుతాను, ఆమె రాకపోయినా."

మెట్ల మీద ఆమె అడుగులు తేలిగ్గా దిగిపోయాయి. ఫేబీ తలుపు వేసింది, కాస్త గట్టిగానే.

నూనె చల్లారిపోయింది. మళ్ళీ వెచ్చబెట్టి తీసుకెళ్ళేసరికి జయశీల బోర్లా పడుకుని, ముఖం దిండులో పెట్టుకుని ఉంది. ఫేబీ మంచం అంచున కూర్చుని అరచేతుల్లో నూనె పోసుకుంది.

చేతులు నడుం మీద పెట్టగానే రోజూ కలిగే ఆ చిన్న వెలితి మళ్ళీ కలిగింది. పెళ్ళయిన కొత్తలో ఈ వీపు ఎముకలూ తోలుగా ఉండేది. ఇప్పుడు వెన్నుకి అటూ ఇటూ సన్నటి కండ చేతికి తగులుతోంది. నొప్పి తిరిగొచ్చినా ఆ కండ ఎక్కడికీ పోలేదు. తనకు తెలియకుండా, తను లేని గంటల్లో ఎవరో ఈ ఒంటిని మార్చేశారు.

నడుం కింది నుంచి పైకి రుద్దుకుంటూ వెళ్ళింది. తర్వాత దిండులోంచి జయశీల అంది. "హ్యాండోవర్ చెప్పు."

"ఏంటత్తయ్యా?"

"డ్యూటీ మారేటప్పుడు చెబుతావుగా. నేను తర్వాతి షిఫ్టుకొచ్చిన సిస్టర్ననుకో. ఈ మంచం కేసు చెప్పు."

ఫేబీకి నవ్వొచ్చింది. చాలాకాలానికి అత్తగారు తనతో ఆటకి దిగింది. "పేషెంటు పేరు జయశీల. నడుం కింది భాగంలో రెండు డిస్కులు అరిగాయి. ఎడమ కాల్లోకి లాగుతుంది. షుగర్ లేదు. కోపం ఉంది."

"కోపం కేస్ షీట్లో రాయరు. నొప్పి ఎలా ఉంది?"

"మధ్యలో తగ్గింది. మళ్ళీ ఎక్కువైంది."

"ఎప్పట్నుంచి?"

"పోయిన వారం నుంచి."

"పోయిన వారం ఏం మారింది?"

ఫేబీ బొటనవేళ్ళు నెమ్మదించాయి. "ఎక్సర్‌సైజు ఆపారు."

"ఎవరు ఆపించారు?"

"డాక్టరు గారు."

"రాసిచ్చారా, నోటితో చెప్పారా?"

"నోటితో."

"నోటి మాట ఆర్డరు తీసుకున్న నర్సు ఏం చెయ్యాలి?"

నర్సింగ్ మొదటి ఏడాది పిల్లని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఫేబీ చెప్పింది. "డాక్టరుకి తిరిగి చెప్పి వినిపించాలి. ఆ రోజే సంతకం పెట్టించుకోవాలి."

"సంతకం పడకపోతే?"

ఫేబీ వేళ్ళ సందుల్లోంచి నూనె దుప్పటి మీదికి కారింది.

"చేతులు ఆగిపోయాయమ్మాయ్," అంది జయశీల, ముఖం దిండులోంచి ఎత్తకుండానే.

ఫేబీ చేతులు తీయలేదు. తీస్తే ఇక మళ్ళీ పెట్టనివ్వరేమోనని భయం వేసింది.

"ఇన్నేళ్ళు వార్డు నడిపినదాన్ని. సంతకం లేని ఆర్డరు ఒక్కరోజు కూడా ఉంచుకోను. నీ విషయంలో మాత్రం, సంతకం పెట్టించిన చీటీ తెస్తావేమోనని ఆదివారం దాకా చూశాను. సోమవారం నువ్వు డ్యూటీకెళ్ళాక డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయనేమన్నాడో నీకు చెప్పక్కర్లేదుగా?"

"సోమవారమా?" అంది ఫేబీ. ఇవాళ శుక్రవారం. "మరి రోజూ... రోజూ నూనె రాయించుకున్నారు కదా."

"నువ్వే చెబుతావని. రోజూ ఇలాగే ముఖం దిండులో దాచుకుని పడుకున్నాను. ఎదుటి మనిషి ముఖం కనబడకపోతే చెప్పడం తేలిక. నేను నీకు చెప్పినవన్నీ అలా చెప్పినవే."

అప్పుడు జయశీల లేచింది. మైథిలి నేర్పినట్టే, మోకాళ్ళు మడిచి, ఒళ్ళంతా ఒక్కసారే పక్కకి తిప్పి, మోచేత్తో మంచాన్ని నెట్టుకుని కూర్చుంది. పైట సర్దుకుంది. నొప్పికి పెదవి బిగించింది కానీ వీపు వంగలేదు. ఇన్నేళ్ళలో ఇద్దరూ అంత దగ్గరగా ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

"ఇప్పుడు చెప్పు. ఎందుకు చేశావు?"

ఏదో ఒకటి చెప్పవచ్చు. సరిగా వినలేదనవచ్చు, ఎక్కడ నడుం పట్టేస్తుందోనని భయపడ్డాననవచ్చు. ఫేబీకి అవేవీ నోట రాలేదు.

"ఆవిడతో నవ్వుతారు."

"ఎవరితో?"

"మైథిలితో. ఆవిడ్ని బంగారం అంటారు. నన్ను వెళ్ళి పడుకోమన్నారు." ఆగుదామనుకుంది, కానీ మాటలు ఆగలేదు. "నొప్పి తగ్గాక నాతో ఒక్కరోజన్నా కూర్చుని మాట్లాడారా? కూర వండావా, బట్టలు ఆరేశావా, అంతే. హాల్లోంచి వచ్చేటప్పుడు మెట్ల మీదే మీ నవ్వు వినబడేది. తలుపు తీయగానే ఆగిపోయేది. నా చేతులతో అవసరం తీరిపోయింది. అవసరం తీరిపోయాక నేనెవర్ని ఈ ఇంట్లో?"

జయశీల ఆమె ముఖంలోకి చూసింది.

"దీనికా?"

"దీనికే."

"నేను నొప్పితో మెలికలు తిరుగుతుంటే నీకు బాగుందా?"

ఫేబీ తల వంచుకుంది. అబద్ధం ఇంకొకటి ఆడలేకపోయింది. "మీరు నన్ను పిలిస్తే బాగుంది."

బయట మెట్ల దగ్గర ఎవరో కూరల భయ్యాతో బేరమాడుతున్నారు. ఆ గొంతులు కిందికి దిగిపోయాక జయశీల అడిగింది.

"వేడినీళ్ళ సంచి పేషెంటుకి పెట్టే ముందు ఏం చేస్తావు?"

మళ్ళీ ప్రశ్న. ఫేబీ కళ్ళు తుడుచుకుంది. "నా ముంజేతికి ఆనించి చూసుకుంటాను."

"ఆ పనే చేస్తున్నాను నేను. పోయిన చలికాలంలో నువ్వు సింక్ దగ్గర ఎడమ కాలి మీద బరువంతా వేసి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని గిన్నెలు తోమడం చూశాను. నా నడుం అలాగే మొదలైంది. అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు రోజంతా వార్డులో మనుషుల్ని ఎత్తి, ఇంటికొచ్చి నా మీద వంగి రుద్దుతావు. నన్ను బాగుచేస్తూ నువ్వు పాడైపోతున్నావు. ఇది ఆపాలంటే ముందు నేను లేచి తిరగాలి. ఆ పిల్ల చెప్పే కసరత్తు ఒంటికి మంచి చేస్తుందో, ఉన్న నడుం ఊడగొడుతుందో ముందు నా మీద చూసుకుందామనుకున్నాను. క్రిస్మస్ వెళ్ళాక నిన్ను పంపాలని, నీ సెలవురోజు చూసి నిన్నూ చేర్చుకోమని మైథిలికి చెప్పి ఉంచాను. మెట్ల మీద నవ్వితే నవ్వానేమో. ఎక్కువగా మాట్లాడుకుంది మాత్రం నీ గురించే."

ఫేబీకి గుమ్మంలో మైథిలి చూసిన ఎగాదిగా చూపు గుర్తొచ్చింది. ఒక పక్కకి వాలిపోతున్నావు. ఆ మాటకి ఇందాక మనసులో ఎన్ని తిట్లు తిట్టుకుంది!

"నాకెందుకు చెప్పలేదత్తయ్యా?"

"చెప్పాల్సింది. మంచి మాట ముఖం మీద చెప్పడం నాకు రాదు. అది నా తప్పు." జయశీల చేయి చాపింది. ఆ చేయి తన తల మీదికి వస్తుందని ఫేబీ ఒక్క క్షణం అనుకుంది. అది మంచం పక్కనున్న తువ్వాలు అందుకుంది. మెడ మీది నూనె తుడుచుకుంటూ ఆవిడ చెప్పింది. "కానీ అది వేరు, ఇది వేరు. నా కోడలు అసూయపడి అబద్ధం ఆడిందనుకో, రెండు రోజులు మాట మానేసి మూడో రోజు అన్నం పెట్టమంటాను. నర్సు మాత్రం డాక్టరు అనని మాట అన్నాడని చెప్పింది. పేషెంటుకి నొప్పి ఎక్కువవుతుంటే చూస్తూ ఊరుకుంది. ఆ నర్సు ఇవాళ మధ్యాహ్నం ఇంకో మంచం దగ్గర నిలబడుతుంది. ఆ మంచం మీద పడుకున్నవాళ్ళకి అత్తాకోడళ్ళ సంగతి తెలియదు."

"ఇంకెప్పుడూ చెయ్యనత్తయ్యా. దేవుడి మీద ఒట్టు."

"ఆ రోజు మా పిన్ని కూతురు కూడా అదే మాట అంది," అంది జయశీల.

ఆవిడ బీరువా తెరిచింది. సన్నటి నీలం అంచున్న తెల్ల నూలు చీర తీసింది. వార్డు వదిలేశాక ఆ చీర కట్టుకోగా ఫేబీ చూడలేదు. స్నానాల గది తలుపు మూసుకుంది, నీళ్ళ చప్పుడు వినిపించింది. ఫేబీ నూనె గిన్నె పట్టుకుని హాల్లో నిలబడిపోయింది. బాల్కనీ తీగ మీద, మధ్యాహ్నం డ్యూటీకి వేసుకోవలసిన యూనిఫాం గంజిపెట్టి ఆరి, గట్టిగా వేలాడుతోంది.

ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటు కమలాకుమారి. ఆవిడా జయశీలా ఒకే బ్యాచ్. ఫేబీకి అక్కడ ఉద్యోగం దొరికినప్పుడు, "జయశీల ఇంటి పిల్ల అంటే ఇక నేను చూసుకోవాల్సిందేముంది" అని వెనక్కి వాలి నవ్వింది ఆవిడే.

జయశీల బయటికొచ్చింది. తల దువ్వుకుంది, భుజానికి చేతిసంచి తగిలించుకుంది. చెప్పుల అర పైగూట్లోంచి తెల్ల శాండల్స్ దించి నేల మీద పెట్టింది. వాటికి చీలమండ దగ్గర పట్టీలు, బకిల్స్ ఉంటాయి. అత్తగారికి వంగడం కష్టం కాబట్టి, తన పెళ్ళయిన దగ్గర్నుంచి ఆదివారం ఆదివారం ఆ పట్టీలు పెట్టింది ఫేబీయే. ఇప్పుడూ అలవాటుగా గిన్నె పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపింది.

జయశీల కాలు ఇవ్వలేదు. ఒంటికాలి మీద నిలబడి, రెండో మోకాలిని పైకెత్తి, గోడ తాకకుండా పట్టీ బిగించుకుంది. కాలు సన్నగా వణికింది. ఆవిడ ఊపిరి పక్కటెముకల్లోకి తీసుకుని నెమ్మదిగా వదిలింది, వణుకు ఆగింది. తర్వాత రెండో కాలు. నేల మీద కూర్చున్న ఫేబీ చేతులు అలా చాపినవి చాపినట్టే ఉన్నాయి.

"అత్తయ్యా, క్లాసుకేనా?"

చుట్టిన చాప తలుపు వెనక నిలబెట్టి ఉంది. జయశీల దాన్ని తీసుకోలేదు.

"అత్తయ్యా, ఎక్కడికి? లిఫ్టు లేదు. నన్ను రానివ్వండి. ఒక్క మాట చెప్పండత్తయ్యా..."

గడియ తీసిన చప్పుడు, తలుపు మెల్లగా మూసుకున్న చప్పుడు. మెట్ల మీద తెల్ల శాండల్స్ అడుగులు ఒకే తీరుగా దిగాయి, ఏ మలుపు దగ్గరా ఆగలేదు.

ఫేబీ బాల్కనీలోకి పరిగెత్తింది. కింద కమ్యూనిటీ హాలు తలుపు దగ్గర మైథిలి నిలబడి, జయశీలను చూసి సంతోషంగా చేయి ఊపింది. జయశీల అటు తిరగలేదు. నిటారుగా, ఏ నడుం ప్రతి ఎముకా ఫేబీ వేళ్ళకి తెలుసో ఆ నడుంతోనే, ఎవరి ఆసరా లేకుండా గేటు దాటింది. చేయి ఎత్తి ఈ-రిక్షాను ఆపింది. అది మెట్రో వైపు తిరిగి పొగమంచులో కలిసిపోయింది. రోజూ ఆసుపత్రికి వెళ్ళడానికి ఫేబీ ఎక్కే దారి కూడా అదే.